అమృత విలాస్ నుంచి మన బడి దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు నాకు ఫోన్ చేసి, "నువ్వు ఫిలాసఫీ సారువు కదా, ఓ అరగంట మాట్లాడు. కానీ జర తేలిగ్గా ఉండాలె, నీ తర్వాత భోజనాలున్నయ్" అన్నారు. భోజనాల ముందు మాట్లాడే మనిషి మీద జనానికి ఎంత ప్రేమ ఉంటుందో నాకు తెలుసు. వంటల వాసన ఇప్పటికే ఇక్కడి దాకా వస్తున్నది. కాబట్టి తేలిగ్గా మొదలుపెడతాను. చివరికి వచ్చేసరికి మాత్రం మిమ్మల్ని ఒకటి అడుగుతాను. అది తేలికో బరువో మీరే చెప్పాలి.

నేను ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో ఫిలాసఫీ ఎం.ఏ.లో చేరినప్పటి నుంచి మన ఊళ్ళో నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఫిలాసఫీ చదివితే ఏమొస్తది?" మా నాయన అడిగాడు, మా మేనమామ అడిగాడు, బస్టాండులో చాయ్ పోసే పెద్దమనిషి అడిగాడు. అప్పుడు జవాబు దొరకలేదు. ఇప్పుడు ఒకటి చెప్తాను. మన ఊరి ముందర పోయే రోడ్డును సాగర్ రోడ్డు అంటాం. సాగర్ అంటే నాగార్జునసాగర్. ఆ డ్యాముకు నాగార్జునకొండ పేరు పెట్టారు. ఆ కొండకు ఆచార్య నాగార్జునుడి పేరు వచ్చింది. బౌద్ధంలో మాధ్యమిక దర్శనాన్ని నిలబెట్టిన పెద్ద తత్వవేత్త ఆయన. అంటే బొంగులూరు వాళ్ళం పుట్టిననాటి నుంచి ఒక తత్వవేత్త పేరున్న రోడ్డు మీదనే పట్నం పోయి వస్తున్నాం. ఫిలాసఫీ మన ఊరికి కొత్తదేమీ కాదు, బోర్డు చదవకుండా బస్సెక్కాం, అంతే.

ఆ నాగార్జునుడు చెప్పిన మాటల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇది: లోకంలో ఏదీ తనంతట తాను నిలబడి లేదు, ప్రతిదీ ఇంకొకదాన్ని ఆనుకొనే ఉంది. ఈ మాటను మనసులో పెట్టుకోండి. దీన్ని నేను ఎం.ఏ. క్లాసులో చదివాను కానీ, అర్థమైంది మాత్రం ఒక టీవీ సీరియల్ చూస్తూ.

ఆ సీరియల్ పేరు 'అమృతం'. పేరు చెప్పగానే వెనక వరుసల్లో నవ్వులు వినిపిస్తున్నాయి, సంతోషం. చిన్నపిల్లల కోసం కొంచెం చెప్తాను. గుణ్ణం గంగరాజు గారి ఆలోచన అది. 2001 నవంబర్ 18న జెమినీ టీవీలో మొదలై, 2007 నవంబర్ 18న ముగిసింది. ఆరేళ్ళు, 313 భాగాలు. అమృతరావు, ఆంజనేయులు అని ఇద్దరు దోస్తులు. పక్కపక్క పోర్షన్లలో కిరాయికుంటారు. వాళ్ళ భార్యలు సంజీవిని, శాంత. ఇంటి ఓనరు అప్పాజీ. ఈ దోస్తులిద్దరూ కలిసి 'అమృత విలాస్' అని ఒక హోటల్ పెడతారు. అందులో సర్వం అని ఒక సర్వరు. అమృతరావుకు తొందరగా డబ్బు సంపాదించాలని ఆశ. ప్రతివారం ఒక కొత్త ఉపాయం పుడుతుంది. అంజి వద్దు వద్దంటూనే వెంట నడుస్తాడు. ఉపాయం ఎదురుతిరుగుతుంది. భాగం ముగిసేసరికి ఇద్దరూ మొదలుపెట్టిన చోటికే వచ్చి నిలబడతారు. మళ్ళీ ఆదివారం మళ్ళీ హోటల్ తెరుస్తారు.

ఇది పని చేసుకునే చోటు చుట్టూ అల్లిన హాస్యం. అదే 2001లో ఇంగ్లండులో బీబీసీ 'ది ఆఫీస్' అనే సీరియల్ మొదలుపెట్టింది. అది కాగితాల కంపెనీలో గుమాస్తాల కథ. దాని మీద, దాని అమెరికా రూపం మీద తత్వశాస్త్రం పంతుళ్ళు వ్యాసాలు రాసి 2008లో పుస్తకమే వేశారు. వాళ్ళు గుమాస్తాల మీద రాయగా లేనిది, మనం ఇడ్లీ హోటల్ మీద ఒక అరగంట మాట్లాడుకుంటే తప్పేమీ లేదు.

ఇంతకూ నాకు ఈ సీరియల్ మీద ఎందుకింత పట్టు? నేను కూడా ఒక హోటల్ పెట్టినవాణ్ణి కాబట్టి.

2002లో నేను ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పేవాణ్ణి. జీతం ఎప్పుడిస్తారో తెలియదు. నా బ్యాచ్ దోస్తు ఒకడు పట్నంలో చేస్తున్న పని పోయి ఊరికొచ్చాడు. పేరు చెప్పను, ఇక్కడే రెండో వరుసలో కూర్చున్నాడు, తల దించుకున్నాడు చూడండి. ఇద్దరం సాగర్ రోడ్డు పక్కన ఒక షట్టరు కిరాయికి తీసుకొని టిఫిన్ సెంటర్ పెట్టాం. పొద్దున నాలుగింటికి గ్రైండర్ వేసేవాళ్ళం. లారీ డ్రైవర్లు, మేస్త్రీలు, ఇబ్రహీంపట్నం వైపు ఇంజనీరింగ్ కాలేజీలకు పోయే పిల్లలు వచ్చేవాళ్ళు. ఇడ్లీ మొదటి వాయి దిగేసరికి తెల్లవారేది. నేను పెనం దగ్గర, వాడు గల్లా దగ్గర. పదింటికి నేను బస్సెక్కి కాలేజీకి పోయేవాణ్ణి. ప్లేటో గురించి చెప్తుంటే చేతికి ఉల్లిగడ్డ వాసన వచ్చేది.

ఆదివారం రాత్రి గిన్నెలు కడిగాక, మూలన పెట్టుకున్న చిన్న టీవీలో 'అమృతం' చూసేవాళ్ళం. అప్పాజీ కనిపించగానే మా ఓనరు గుర్తొచ్చేవాడు. నవ్వేవాళ్ళం. నవ్వు ఆగాక ఒకరి మొకం ఒకరం చూసుకునేవాళ్ళం. ఎందుకంటే మా గల్లా కూడా అమృత విలాస్ గల్లా లాగనే ఉంది. పద్నాలుగు నెలలు నడిపి షట్టరు దించేశాం. నష్టం 11,400 రూపాయలు.

ఇక్కడ మొదటి ప్రశ్న వస్తుంది. ఫలితం రాని పని వృథానేనా?

గ్రీకుల కథల్లో సిసిఫస్ అని ఒక రాజు. దేవతలు ఆయనకు ఒక శిక్ష వేశారు. పెద్ద బండను కొండ మీదికి దొర్లించాలి. శిఖరం దగ్గరికి పోగానే అది కిందికి దొర్లుతుంది. మళ్ళీ మొదలు. ఎప్పటికీ అంతే. 1942లో ఫ్రాన్సులో ఆల్బర్ట్ కామూ ఈ కథను తీసుకొని, మన బతుకులన్నీ ఇంతే కదా అన్నాడు. అయినా ఆ మనిషిని చూసి జాలిపడనక్కర లేదని, కిందికి దిగి మళ్ళీ బండ మీద చెయ్యి వేసే ఆ క్షణంలో అతను శిక్షకంటే పెద్దవాడవుతాడని వాదించాడు. అమృతరావును చూస్తే నాకు సిసిఫసే గుర్తొస్తాడు. ఆయన బండ ఒక హోటల్. 313 సార్లు దొర్లింది.

మనవాళ్ళు వెంటనే నిష్కామ కర్మ అంటారు. ఫలితం మీద మనసు పెట్టకుండా పని చెయ్యమని గీత చెప్పింది నిజమే. కానీ అమృతరావు ఆ లెక్కలోకి రాడు. ఆయనది నిండా కామమే. పొద్దున ఉపాయం వేసి సాయంత్రానికి లక్షలు లెక్కపెట్టుకునే మనిషి. మనలో చాలామందిమి కూడా అంతే. నిష్కామంగా పని చేసే యోగులు ఈ సభలో ఉంటే చెయ్యెత్తండి. ఒక్క చెయ్యి లేవలేదు. మరి యోగులం కాని మనల్ని మర్నాడు పొద్దున నాలుగింటికి లేపేది ఏమిటి?

నేను పాతికేళ్ళుగా కామూను పాఠం చెప్తున్నాను. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒకచోట ఆయనతో పేచీ ఉంది. సిసిఫస్ ఒక్కడే. ఆ కొండ మీద ఇంకో మనిషి లేడు. అమృతరావు పక్కన అంజి ఉన్నాడు. ఆ ఒక్క తేడాతో కథ మొత్తం మారిపోతుంది. బండ దొర్లిపోయినప్పుడు "నేను ముందే చెప్పాను కదరా" అని తిట్టేవాడు ఒకడుంటే, అది శిక్ష అనిపించదు, అది సంసారం. మళ్ళీ బండ మీద చెయ్యి వేసేది ధైర్యం వల్లనే కాకపోవచ్చు, పక్కవాడు అప్పటికే చెయ్యి వేశాడు కాబట్టి కావచ్చు. ఆ సీరియల్ పాట సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు రాశారు. అది కూడా ఆంజనేయులును పేరు పెట్టి పిలుస్తూ, కష్టాలకు అంత బెంబేలు పడకని చెప్పే పాట. ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పే మాట కాబట్టే అది మనకు ధైర్యమిస్తుంది.

అయితే పక్కవాడు పక్కనే ఉంటాడని ఏమిటి నమ్మకం? ఇది రెండో ప్రశ్న. అరిస్టాటిల్ స్నేహాలు మూడు రకాలన్నాడు. ఒకరితో ఒకరికి పని ఉండి కలిసినవి. కలిస్తే సంతోషంగా ఉంటుందని కలిసినవి. ఎదుటి మనిషిలోని మంచి కోసం, ఆ మనిషి బాగు కోసం నిలబడినవి. మొదటి రెండూ పని తీరగానే, సరదా తీరగానే పోతాయన్నాడు. వ్యాపారంలో పొత్తు మొదటి రకం. మా పొత్తు కూడా షట్టరు దించిన రోజే తెగింది. లెక్కలు చూస్తుంటే గల్లాలో పైసలు తగ్గినయ్. "నువ్వు ఊరందరికీ ఉద్దెర పెట్టినవ్, అందుకే మునిగినం" అని నేనన్నాను. వాడు ఏమీ అనలేదు. ఉద్దెర పుస్తకం నా ముందర పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత మేం మాట్లాడుకోలేదు. ఒక సంవత్సరం కాదు, రెండు సంవత్సరాలు కాదు, పదిహేనేళ్ళు.

వాడు ఉద్దెర పెట్టింది నిజమే. కానీ నేను చెప్పని సంగతి ఒకటి ఉంది. షట్టరు దించడానికి రెండు నెలల ముందు నాకు ఒక ఉద్యోగం ఇంటర్వ్యూ వచ్చింది. దూరం ఊరు. చేతిలో పైసల్లేవు. వాడు లేనప్పుడు గల్లాలోంచి 600 రూపాయలు తీసుకున్నాను. వచ్చాక పెడదామనుకున్నాను, పెట్టలేదు. పుస్తకంలో రాయనూ లేదు. ఆ ఇంటర్వ్యూలోనే నాకు ఉద్యోగం వచ్చింది. నేను ఇవాళ మీ ముందర ఫిలాసఫీ సారునని నిలబడ్డానంటే దాని కింద లెక్క రాయని ఆ 600 రూపాయలున్నాయి. నీతిశాస్త్రం పాఠం చెప్పేటప్పుడల్లా ఆ గల్లా పెట్టె నాకు కనబడుతుంది.

2018 ఫిబ్రవరి 19న పొద్దున నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తితే అవతల వాడు. పదిహేనేళ్ళ తర్వాత వాడన్న మొదటి మాట, "అంజి పోయిండురా." అంజి పాత్ర వేసిన గుండు హనుమంతరావు గారు ఆ రోజు చనిపోయారు. ఇద్దరం కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం. అమృత విలాస్ గురించే మాట్లాడామా, మా హోటల్ గురించి మాట్లాడామా అంటే చెప్పలేను.

600 సంగతి మాత్రం అప్పుడు కూడా చెప్పలేకపోయాను. ఈ సభకు రమ్మన్నారని తెలిశాక, పోయిన నెల వాడింటికి పోయి చెప్పాను. వాడు నవ్వాడు. "నాకు ఎరుకేరా. ఆ పొద్దు నువ్వు పెండ్లికి కుట్టించిన అంగి ఏసుకొని బస్సెక్కినవ్. గల్లా చూసుకోకుంట ఉంటనా?" అన్నాడు. మరి ఎందుకు అడగలేదంటే, "అడిగితే నువ్వు పోకపోయేటోడివి" అన్నాడు. అరిస్టాటిల్ చెప్పిన మూడో రకం స్నేహం నేను పుస్తకంలో చదివాను, వాడు గల్లా దగ్గర కూర్చొని చేశాడు. ఈ మాట నలుగురిలో చెప్పాలని వాడి అనుమతి తీసుకునే చెప్తున్నాను. "చెప్పు కానీ నా పేరు చెప్పకు" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాను.

ఇప్పటిదాకా చెప్పింది ఇద్దరి కథ. కానీ హోటల్ ఇద్దరితో నడవదు. అమృత విలాస్‌లో సర్వం ఉన్నట్టే మా హోటల్లో కూడా ఒకడుండేవాడు. ఇక్కడ నా మూడో ప్రశ్న. మనం ఎవరిని చూసి నవ్వుతాం?

భరతముని నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలు చేశాడు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. చిరునవ్వు దగ్గర మొదలై కడుపు పట్టుకొని కిందపడి నవ్వే నవ్వు దాకా. ఇంగ్లండులో హాబ్స్ అనే తత్వవేత్త నవ్వును అనుమానంగా చూశాడు. ఎదుటివాడి తక్కువతనం చూసి, నేను వాడికంటే మేలు కదా అని ఒక్కసారి పొంగిపోతామే, అదే నవ్వంటాడు. ఇది అన్ని నవ్వులకూ వర్తించదు కానీ, కొన్ని నవ్వులకు సరిగ్గా సరిపోతుంది.

మా హోటల్లో ప్లేట్లు కడగడానికి ఒక పిల్లవాణ్ణి పెట్టుకున్నాం. పన్నెండు, పదమూడేళ్ళుంటాయి. ఈ బడిలోనే ఏడో తరగతి సగంలో ఆపేశాడు. తండ్రి చనిపోయాడు, తల్లి కూలికి పోయేది. మేం పనిచ్చి మేలు చేస్తున్నామనే అనుకున్నాం. ఆదివారం రాత్రి వాడు కూడా గడప దగ్గర కింద కూర్చొని 'అమృతం' చూసేవాడు. నాకు అప్పట్లో తోచని సంగతి ఒకటి తర్వాత గుర్తొచ్చింది. సర్వం ఏదన్నా పొరపాటు చేస్తే మేమిద్దరం పగలబడి నవ్వేవాళ్ళం, వాడు నవ్వేవాడు కాదు. అప్పాజీ దెబ్బతిన్నప్పుడు వాడు నేల మీద దొర్లి నవ్వేవాడు. ఒకే టీవీ, ఒకే సీరియల్, ముగ్గురం నవ్వింది మాత్రం వేరువేరు చోట్ల. నేను ఆ గదిలో ఎక్కడ నిలబడ్డానో నా నవ్వే చెప్పింది. అర్థం చేసుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది.

అప్పుడు మన సోషల్ సారు రోజూ సాయంత్రం మా దగ్గర చాయ్ తాగేవారు. ఒకనాడు ప్లేటు తీయడానికి వచ్చిన పిల్లవాణ్ణి చూసి, "వీడు ఏడో తరగతి కదా?" అని అడిగారు. నేను "ఆపేశాడు సార్" అన్నాను. సారు నా వైపు చూసి, "వాడు ఆపిండా, మనం ఆపినమా?" అన్నారు. చాయ్ పైసలు బల్ల మీద పెట్టి పోయారు. తర్వాత మా హోటల్లో చాయ్ తాగలేదు.

నేను ఎం.ఏ. చదివినవాణ్ణి. అదే రోజుల్లో, ఇదే రంగారెడ్డి జిల్లాలో, శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ వాళ్ళు పనిలో ఉన్న పిల్లల్ని ఊరూరా బయటికి తెచ్చి, శిబిరాల్లో చదివించి, బడుల్లో చేర్పిస్తున్నారు. బడిలో లేని ప్రతి పిల్లా పిల్లవాడూ బాలకార్మికులే అన్నది వాళ్ళ వాదన. 2003లో ఆమెకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ సంవత్సరమే మా షట్టరు దిగింది. పేపర్లో ఆమె ఫోటో చూసి గర్వపడ్డాను కూడా. మా వెనక గదిలో ప్లేట్లు కడిగిన పిల్లవాడికీ, ఆ ఫోటోకూ ఉన్న సంబంధం మాత్రం నాకు తట్టలేదు. హోటళ్ళలో, ధాబాల్లో పిల్లల్ని పెట్టుకోగూడదని కేంద్రం నిషేధం తెచ్చింది 2006 అక్టోబర్‌లో. చట్టం అప్పటికి రాలేదు కదా అని నాకు నేను చెప్పుకోవచ్చు. కానీ సారు అడిగిన ప్రశ్నకు చట్టంతో పని లేదు.

ఇక ఆఖరి ప్రశ్న. 'అమృతం' చూసినవాళ్ళకు గుర్తుంటుంది, అమృతరావు పాత్ర మొదట శివాజీ రాజా గారు వేశారు. తర్వాత నరేష్ గారు, హర్షవర్ధన్ గారు కూడా వేశారు. మనిషి మారాడు, మొకం మారింది, గొంతు మారింది. రెండు వారాలు మనకు ఎట్లనో అనిపించింది. తర్వాత మళ్ళీ ఆయన అమృతరావే అయ్యాడు. 2020 ఉగాది నాడు, మార్చి 25న, దేశం లాక్‌డౌన్‌లోకి పోయిన రోజే, 'అమృతం ద్వితీయం' మొదలైంది. అందులో అంజి పాత్ర ఎల్.బి. శ్రీరామ్ గారు వేశారు. మరి మారనిది ఏమిటి?

ఇది చాలా పాత ప్రశ్న. మిళిందుడనే యవన రాజు నాగసేనుడనే బౌద్ధ భిక్షువును కలిసినప్పుడు ఇదే చర్చ జరిగింది. రాజా, మీరు రథంలో వచ్చారు కదా, రథమంటే ఇరుసా, చక్రాలా, కాడియా అని భిక్షువు ఒక్కొక్కటే అడిగాడు. ఏదీ కాదని రాజు ఒప్పుకున్నాడు. విడివిడిగా చూస్తే ఎక్కడా రథం లేదు. అన్నీ ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడ్డప్పుడు దానికి రథమని పేరు. గ్రీకులు ఇదే మాట ఓడ మీద అడిగారు. పలకలన్నీ ఒక్కొక్కటే మార్చిన ఓడ అదే ఓడేనా అని.

మన బడి కూడా ఆ రథమే. నేను కూర్చున్న గది ఇప్పుడు లేదు. మాకు చెప్పిన సార్లు రిటైర్ అయ్యారు, కొందరు మన మధ్య లేరు. పిల్లలు ఏటేటా మారతారు. ఊరే మారింది. మేం హోటల్ పెట్టిన రోడ్డు మీద ఇప్పుడు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పన్నెండో ఎగ్జిట్ ఉంది. పొలాలు ప్లాట్లయ్యాయి. అవతల ఆదిబట్లలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు, విమానాల భాగాలు చేసేవాళ్ళు ఉన్నారు. మరి ఏం మిగిలిందని ఈ ఉత్సవం చేసుకుంటున్నాం? పాత సారు పోయిన కుర్చీలో కొత్త సారు కూర్చొని అదే బాధ్యత ఎత్తుకున్నప్పుడు, అన్నలు పోయిన బెంచీ మీద తమ్ముళ్ళు కూర్చున్నప్పుడు బడి బడిగానే ఉంటుంది. నాగార్జునుడు చెప్పింది ఇదే. ఒకరిని ఒకరు ఆనుకొని ఉండడమే ఉండడం.

అట్లయితే, ఈ రథంలో ఎవరెవరున్నారో లెక్క సరిగ్గా చూసుకోవాలి కదా? మొదట్లో అడుగుతానన్నది ఇదే.

మన సంఘం పుస్తకంలో సభ్యుల పేర్లు పదో తరగతి పాసైన సంవత్సరం ప్రకారం ఉన్నాయి. పదికి రాకముందే ఆగిపోయినవాళ్ళు ఏ బ్యాచ్‌లోనూ లేరు. ఇవాళ పొద్దున గేటు దగ్గర మంచినీళ్ళ ట్యాంకరు ఆగింది. మీరంతా ఇప్పటిదాకా తాగిన నీళ్ళు అవే. ఆ ట్యాంకరు ఓనరే నడుపుకుంటూ వచ్చాడు. చూస్తే మా హోటల్లో ప్లేట్లు కడిగినవాడు. నన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. షట్టరు దించాక లారీ మీద క్లీనరుగా పోయాడట, తర్వాత డ్రైవరయ్యాడు, ఇప్పుడు రెండు ట్యాంకర్లున్నాయి, కూతురు ఇంటర్ చదువుతున్నది. "లోపలికి రా, కూర్చో" అన్నాను. "నేను పదో తరగతి గాదు కద సార్" అని నవ్వి, పైపు చుట్టుకొని పోయాడు. కిరాయి ఎంత అని మనవాళ్ళు అడిగితే, "మన బడే కదా" అని పైసలు తీసుకోలేదట.

ఆయన మన బడి అంటున్నాడు. మన పుస్తకం ఆయన్ని మనవాడు అనడం లేదు. ఎవరి లెక్క సరైంది?

నా విన్నపం ఒక్కటే. పదో తరగతి జాబితా పక్కన పెట్టి, హెడ్మాస్టరు గారి గదిలోని అడ్మిషన్ రిజిస్టరు తెరవండి. అందులో ఒక్క రోజు పేరు పడ్డ ప్రతి మనిషీ ఈ సంఘంలో సభ్యుడే, సభ్యురాలే అని తీర్మానం చెయ్యండి. పెండ్లి చేసి మధ్యలో మాన్పించిన అక్కలు, కూలికి పోయిన అన్నలు, గొర్ల వెంట పోయినవాళ్ళు, ప్లేట్లు కడగడానికి పోయినవాళ్ళు, అందరూ. మనం పాసయ్యాం కాబట్టి వాళ్ళ కంటే ఎక్కువ అనుకుంటే, అది హాబ్స్ చెప్పిన నవ్వు. ఈ స్వర్ణోత్సవానికి ఆ నవ్వు వద్దు. సారు నన్ను అడిగిన ప్రశ్నకు ఇరవై ఏళ్ళు ఆలస్యంగా జవాబు చెప్తున్నాను: వాడు ఆపలేదు సార్, మనమే ఆపినం.

ఫిలాసఫీ చదివితే ఏమొస్తదని అడిగేవారు కదా. ఉద్యోగం వచ్చింది, జీతం వచ్చింది. కానీ అసలు వచ్చింది ఇది: నష్టపోయిన హోటల్ లెక్క ఇప్పటికి సరిగ్గా రాయగలిగాను. 11,400 నష్టం. అందులో 600 నాది. ఒక దోస్తు మిగిలాడు. ఒక పిల్లవాడికి బాకీ ఉన్నాను. ఆ బాకీ నేనొక్కణ్ణే తీర్చలేను, మీరంతా చెయ్యి వెయ్యాలి.

 ఇక భోజనాలకు లేద్దాం. నా దోస్తు పక్కన ఒక విస్తరి నాకు ఉంచండి. ఇంకొక విస్తరి వెయ్యండి, ఆ ట్యాంకరాయనకు నేను ఫోన్ చేస్తాను.